నిబంధన తొమ్మిది ప్రకారం

"ఆ క్లారిఫికేషన్ గాడు ఇవాళ దిగబడతాడట. బట్టతల, బొజ్జ, జేబులో నాలుగు పెన్నులు... ఇలాంటివాళ్లని ఎంతమందిని చూశాను! ఎవరూ టీ మాత్రం ఇవ్వకండి. ఇస్తే, ఎందుకిచ్చారో వివరణ కోరుతూ మెయిల్ పెడతాడు."

మేనేజరమ్మ ఈ ఉపన్యాసాన్ని నిచ్చెన మీద నిలబడి, గుమ్మానికి వీపు పెట్టి, ట్యూబ్‌లైట్ బిగిస్తూ ఇచ్చింది. మామూలుగా ఆమె ఏమన్నా నవ్వే ముప్పై ఒక్కమంది పెద్దవాళ్లలో ఈసారి ఒక్కరూ నవ్వలేదు. అనుమానమొచ్చి వెనక్కి తిరిగింది.

గుమ్మంలో ఒక కుర్రాడు తడిసి ముద్దయి నిలబడ్డాడు. చేతిలో గాలికి తిరగబడిన గొడుగు. చంకలో రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన ఫైలు. మనిషి నిలువునా తడిశాడు గానీ ఫైలు మీద చుక్క పడలేదు. ఎలాంటివాడో ఆమెకు అక్కడే అర్థమైపోయింది.

"వచ్చాడండీ," అన్నాడతను. "బట్టతలకి ఇంకా టైముంది."

ఆమె నిచ్చెన దిగింది. దిగడానికి ఐదు మెట్లే ఉన్నందుకు చాలా బాధపడింది.

మేనేజరమ్మ అంటే పెద్దావిడేమీ కాదు. ఇరవై ఏడేళ్ల పిల్ల. పెద్దవాళ్ల పగటి కేంద్రాన్ని నడుపుతుంది కాబట్టి రేడియో తాత ఆ పేరు పెట్టాడు. రేడియో తాతకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఆయన పక్కన రెండు నిమిషాలు కూర్చున్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆపే మీట లేదు.

కేంద్రం ఒకప్పుడు ఫర్నిచర్ షోరూం. రోడ్డు వైపు గోడంతా అద్దం. 'మిగిలిన స్టాకు సగం ధరకే' అన్న స్టిక్కరు ఎంత గీకినా సగమే ఊడింది. దాని వెనక వరసగా డెబ్బైలు, ఎనభైలు దాటినవాళ్లు కూర్చుని పేపరు చదువుకుంటుంటారు. దారినపోయేవాళ్లు ఒక్కోసారి ఆగి, చదివి, నవ్వాలో వద్దో తెలియక వెళ్లిపోతారు.

ఇన్నాళ్లూ కేంద్రాన్ని పోషించిన దాత ఈ ఏడాది తన దయను కుక్కల ఆసుపత్రి వైపు మళ్లించాడు. కుక్కలు కృతజ్ఞత బాగా చూపిస్తాయట. ఇక మిగిలిన ఆశల్లా, పెద్దవాళ్ల ఒంటరితనం తగ్గించే సంస్థలకు ఓ ట్రస్టు ఇచ్చే గ్రాంటు. అది ఈ నెలాఖరులోగా రాకపోతే ఇంటి యజమాని ఇక్కడ మళ్లీ సోఫాలు దింపేస్తాడు. సోఫాలు అద్దె ఆలస్యం చెయ్యవు, అస్తమానం బాత్రూం కుళాయి పాడుచెయ్యవు.

ఆ ట్రస్టులో ఆమె దరఖాస్తును పరిశీలించే అధికారే ఈ కుర్రాడు. రెండు నెలల్లో పంతొమ్మిది మెయిళ్లు పెట్టాడు. ప్రతిదానికీ 'క్లారిఫికేషన్' అనే శీర్షిక. 'సుమారు ముప్పై మంది అన్నారు. సుమారు అంటే ఎందరు?' 'ఈ నెల టీపొడి పెరిగింది. కారణం?' రెండోదానికి ఆమె 'తాగుతున్నారు' అని ఒక్క ముక్క జవాబిచ్చింది. 'ధన్యవాదాలు, నమోదు చేసుకున్నాను' అని తిరుగు టపా వచ్చింది.

"మీ దరఖాస్తులో ఒక పెద్ద చిక్కుందండీ," అన్నాడతను తల తుడుచుకోకుండానే ఫైలు విప్పుతూ. "ఒంటరిగా అనిపిస్తుందా అన్న ప్రశ్నకి ముప్పై ఒక్కమందీ 'అసలు లేదు' అని టిక్కు పెట్టారు."

"మంచిదేగా?"

"మంచిదే. కానీ గ్రాంటు ఒంటరితనం ఉన్నవాళ్లకి. వీళ్లకి లేదు."

"ఇక్కడికి వస్తున్నారు కాబట్టే లేదు!"

"అని మీరంటున్నారు. రుజువు?"

ఆమెకు ఒళ్లు మండింది. "అయితే ఓ పని చేస్తానండీ. మూడు నెలలు కేంద్రానికి తాళం వేస్తాను. అందరూ ఇళ్లల్లో కూర్చుని బాగా కుమిలాక, మీరొచ్చి కొలుచుకోండి."

"అలా కొలిచే పద్ధతి ఒకటుందండీ," అన్నాడతను నిజాయితీగా. "కానీ మన దగ్గర అంత టైం లేదు."

ఇతను వెటకారమాడుతున్నాడా, పుట్టుకే ఇంతా అన్నది ఆమెకు అంతుపట్టలేదు. మూలనున్న హెడ్‌మిస్ట్రెస్ గారు మాత్రం అద్దాల మీదుగా ఓ చూపు చూశారు. ఆవిడ రిటైరై పద్దెనిమిదేళ్లయినా ఆ చూపు రిటైర్ కాలేదు. "బాబూ, మీ ఫారం నేను చదివాను. పదికి నాలుగు మార్కులు. ముక్కూమొహం తెలియనివాడు కాగితమిచ్చి 'నువ్వు దిక్కులేనిదానివా' అని అడిగితే, అవునని ఎవరు రాస్తారు?"

అతను పెన్ను తీసి, ఆ మాటను నమోదు చేసుకున్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు, వారానికి మూడు రోజులు వచ్చాడు. కిటికీ పక్కనున్న బల్ల దగ్గర ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. మొదటివాడు రేడియో తాత కావడం అతని దురదృష్టం. పొద్దున్న పదికి 'మీ పేరు చెప్పండి' అని అడిగితే, భోజనాల వేళకి కథ తాత మొదటి ఉద్యోగం దాకా వచ్చింది. మేనేజరమ్మ అటువైపు నాలుగుసార్లు ఏదో పనున్నట్టు నడిచింది. ఆమె చూడాలనుకున్నది అతని ఆవలింత. అది రాలేదు.

రెండో వారంలో కుట్టు మామ్మ వంతు. ఈవిడ నలభై ఏళ్లు బట్టలు కుట్టి సంసారం ఈదింది. ఇప్పుడు చేతులు బాగానే ఉన్నాయి, కళ్లే సూదిలోకి దారం ఎక్కించడానికి సహకరించవు. మేనేజరమ్మ చూసేసరికి, అధికారి గారు ఫైలు పక్కనపెట్టి, నాలుక కాస్త బయటపెట్టి, ఒక్కో సూదికి దారం ఎక్కించి సూదుల దిండుకి గుచ్చుతున్నాడు. అప్పటికే ఇరవై దాకా అయ్యాయి.

"ఇది కూడా పరిశీలనలో భాగమేనా?" అంది.

"వారానికి సరిపడా ఎక్కిస్తున్నానండీ. ఆదివారాలు కేంద్రం ఉండదు కదా, మామ్మకి ఎవరెక్కిస్తారు?" తలెత్తకుండా అన్నాడు. "అసలు ఇన్నాళ్లూ నేను తప్పు ప్రశ్న అడిగాను. ఒంటరిగా ఉందా అంటే అందరూ లేదనే అంటారు. ఆదివారం ఏం చేస్తారు అని అడగాలి."

"ఏం చెప్పారు?"

అతను కాగితాలు ఆమె వైపు జరిపాడు. కుట్టు మామ్మ ఆదివారాలు కుట్టింది విప్పి మళ్లీ కుడుతుందట. రేడియో తాత ఆదివారాలు గొంతు పట్టేస్తుందేమోనని అద్దం ముందు నిలబడి పేపరు పైకి చదువుతాడట. చివరి కాగితం హెడ్‌మిస్ట్రెస్ గారిది. 'సోమవారం వేసుకునే బట్టలు ఇస్త్రీ చేసుకుంటాను' అని ఉంది. 'రోజంతానా?' అన్న ప్రశ్న కింద, 'నెమ్మదిగా చేస్తాను' అని జవాబు.

మేనేజరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మూడేళ్లుగా నడుపుతోంది తను. ఆదివారం అనేదాన్ని సెలవుగానే చూసింది.

"క్లారిఫికేషన్ గారూ," అంది. "టీ తాగుతారా?"

"నమోదు చెయ్యనక్కర్లేదు కదా?"

అప్పుడు నవ్వింది. తర్వాత తన మీద తనకే కోపమొచ్చింది, మొదటి నవ్వే ఇంత తేలిగ్గా ఇచ్చేశానే అని.

ఆ మూడో వారం మొత్తం వాన. సాయంత్రం ఆరింటికి కేంద్రం మూసి బస్‌స్టాపు దాకా ఇద్దరూ నడిచేవాళ్లు. అతను ఆ తిరగబడే గొడుగే తెచ్చేవాడు. ఆమె గొడుగు బాగానే ఉండేది గానీ, ఎందుకో రోజూ ఆఫీసులో మరిచిపోయేది. ఒకే గొడుగు కింద ఇద్దరూ సగం సగం తడుస్తూ, టీపొడి ఖర్చు గురించి తీవ్రంగా పోట్లాడుకునేవాళ్లు. పగలంతా అద్దం వెనక ఉండే ముప్పై ఒక్కమంది ఆరు దాటినా ఇళ్లకి వెళ్లకుండా, వాన తగ్గాలని వంక పెట్టి, చూరు కింద నిలబడి, వాళ్లు మలుపు తిరిగేదాకా చూసేవాళ్లు.

చివరి రోజున బస్సు ఎక్కబోతూ అతను ఆగాడు. "మీకొకటి చెప్పాలండీ."

"చెప్పండి."

"ఇప్పుడు కాదు. ముందు... ఆఫీసులో ఒక పనుంది."

బస్సు వెళ్లిపోయింది. మనిషి చెప్పబోయే మాటకి కూడా పై అధికారి సంతకం కావాలేమో అనుకుందామె. వెటకారంగా అనుకున్న ఆ మాట అక్షరాలా నిజమని నాలుగు రోజుల తర్వాత తెలిసింది.

కేంద్రంలో ఒక రివాజు ఉంది. ట్రస్టు నుంచి ఏ ఉత్తరం వచ్చినా అందరి ముందూ పైకి చదవాలి. 'మా గురించి వచ్చేది మాకు తెలియాలి' అని హెడ్‌మిస్ట్రెస్ గారు పెట్టిన చట్టం. కాబట్టి ఆ సోమవారం మేనేజరమ్మ కవరు చింపి, హాలు మధ్యలో నిలబడి, ముందు చూసుకోకుండా చదవడం మొదలుపెట్టింది.

"మీ దరఖాస్తును పరిశీలిస్తున్న మా అధికారి, సదరు సంస్థ నిర్వాహకురాలి పట్ల తనకు వ్యక్తిగత..." ఆగింది.

"ఆగావేం?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. "వాక్యం పూర్తి చెయ్యి."

"...వ్యక్తిగత అభిమానం ఏర్పడిందని, నిబంధన తొమ్మిది ప్రకారం లిఖితపూర్వకంగా ప్రకటించినందున, ఫైలును వేరొక అధికారికి బదిలీ చేయడమైనది. నిర్ణయం వెలువడేవరకు సదరు అధికారి మీతో ఏ విధమైన సంప్రదింపులూ జరపరాదు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." కింద నకళ్లు ఎవరెవరికి పంపారో జాబితా. అధ్యక్షుడు, కార్యదర్శి, జమాఖర్చుల విభాగం, ఇంకా ఇద్దరు.

కుట్టు మామ్మ సూది గాల్లో ఆగిపోయింది.

"అభిమానం అంటే?" అడిగింది మామ్మ.

"అదే," అన్నాడు రేడియో తాత. జీవితంలో మొదటిసారి ఒక్క మాటతో సరిపెట్టాడు.

మేనేజరమ్మ ముఖం ఎర్రబడింది. అందులో సిగ్గెంతో కోపమెంతో ఆమెకే తెలియదు. ఒక మనిషి తనను ఇష్టపడ్డాడన్న సంగతి తనకంటే ముందు జమాఖర్చుల విభాగానికి తెలిసింది! అదీగాక నెలాఖరుకి తొమ్మిది రోజులే ఉంది. కొత్త అధికారి వచ్చేదెప్పుడు, చూసేదెప్పుడు? సంప్రదించకూడదన్నది అతనికి గానీ తనకు కాదని నిర్ణయించుకుని ఫోన్ చేసింది.

"తొమ్మిది రోజులు ఆగలేకపోయారా?" హలో కూడా అనలేదు. "గ్రాంటు వచ్చాక ఏడవచ్చుగా ఈ అభిమానం!"

"నేను మాట్లాడకూడదండీ."

"అయితే వినండి. మీ నిజాయితీకి నా ముప్పై ఒక్కమంది రోడ్డున పడతారు."

"ఆగి, గ్రాంటు నా చేతుల్లో ఉండగా చెబితే ఎలా ఉంటుందండీ?" అన్నాడతను మెల్లగా. "మీకు ఇష్టమై సరే అన్నా, గ్రాంటు కోసమే అన్నారంటారు. ఇష్టం లేకపోతే వద్దనడానికి భయపడతారు. చెప్పకుండా ఊరుకుని సంతకం పెడితే నేను దొంగనవుతాను. మిమ్మల్ని ఆ స్థితిలో పెట్టడం నా వల్ల కాలేదు." ఫోన్ పెట్టేశాడు. నిబంధన గుర్తొచ్చిందేమో.

తిట్టడానికి ఇంకా సగం మిగిలిపోయిందామెకు. ఆ సగాన్ని ఏం చేసుకోవాలో తెలియక బాత్రూం కుళాయి బిగించింది. బిగిస్తూ ఏడ్చింది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. రేడియో తాత ప్రసారం అప్పటికే అందింది.

"పర్మనెంటేనా?" అంది అమ్మ.

"ఏదమ్మా? ఉద్యోగమా, అభిమానమా?"

"ఉద్యోగమే. రెండోదాన్ని మనిషిని చూశాక నేను తేల్చుకుంటాలే. ఇంతకీ నీకెలా ఉంది?"

"నాకేం ఉంది? కోపంగా ఉంది."

"మీ నాన్నంటే నాకూ మొదట్లో అదే ఉండేది," అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

బోర్డు సమావేశానికి సరిగ్గా ఒక రోజు ముందు, మధ్యాహ్నం రెండింటికి కొత్త అధికారిణి వచ్చింది. పెద్దావిడ. ఏ బడ్జెట్ చూసినా ఎక్కడ కత్తిరించాలో ముందు వెతుకుతుందని, ట్రస్టు డబ్బు తినే సంస్థలన్నీ ఆవిడను చాటుగా కత్తెరమ్మ అంటాయి. ఆవిడ హాలంతా ఓసారి చూసి, స్టిక్కరు చదివి, నవ్వకుండా కూర్చుంది.

"అబ్బాయి రిపోర్టులు చదివాను," అంది ఫైలు తీస్తూ. "బాగా రాశాడు. ఆ ఆదివారాల సంగతి ఒక్కటి చాలు, రేపు బోర్డు ఒప్పుకుంటుంది. కానీ ముందు మీరో కాగితం నింపాలి."

అది ఒకే ప్రశ్న ఉన్న కాగితం. అధికారి పట్ల దరఖాస్తుదారుకి కూడా అభిమానం ఉన్నదా? ఉంది, లేదు. రెండు గళ్లు.

"లేదు అంటే రిపోర్టులు నిలబడతాయి," అంది కత్తెరమ్మ. "ఉంది అంటే, ఇద్దరూ కలిసి రాసుకున్నట్టు లెక్క. ముప్పై ఒక్క రిపోర్టులూ కొట్టేయాలి. కొట్టేస్తే ఫైల్లో మిగిలేది మీ పాత ఫారాలు. అందులో ఎవరికీ ఏ బాధా లేదు."

మేనేజరమ్మ పెన్ను తీసుకుంది. చాలా తేలికైన పని. ఒక చిన్న గీత. అబద్ధమే, కానీ ఎంత పుణ్యమున్న అబద్ధం! ముప్పై ఒక్కమంది సోమవారాలు నిలబడతాయి. పెన్ను 'లేదు' గడి మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది.

ఆ పిచ్చిమనిషి ఉద్యోగం మీదికి తెచ్చుకుని మరీ నిజం రాసిచ్చాడు. ఎందుకు? తను భయం లేకుండా, ఎవరికీ బాకీ లేకుండా, అవునో కాదో చెప్పుకోవాలని. అలా చెప్పమని అడిగిన ఒకే ఒక్క చోట తను అబద్ధమాడితే, ఇక రేపు అతని ముఖం ఎలా చూస్తుంది? చూడాలని ఉంది. అదీ అసలు సంగతి. చాలా చూడాలని ఉంది.

"క్షమించండి," అంది హాలు వైపు తిరగకుండానే. 'ఉంది' గడిలో టిక్కు పెట్టింది.

కత్తెరమ్మ ఒక్క నిట్టూర్పు విడిచి, ఎర్ర పెన్నుతో రిపోర్టులు ఒక్కొక్కటే అడ్డంగా కొట్టేసింది. ముప్పై ఒక్క గీతల చప్పుడు హాలంతా విన్నది. తర్వాత ఆవిడ సంచీ సర్దుకుంది.

"ఒక్క నిమిషం."

హెడ్‌మిస్ట్రెస్ గారు లేచి నిలబడ్డారు. ముప్పై మంది ముందు, ఎప్పుడూ వంచని ఆ వీపు నిటారుగానే ఉంది.

"అతను రాసింది చెల్లదంటే, మేం ఇప్పుడు చెప్పింది చెల్లుతుందా?"

"మీరు నేరుగా నాతో చెబితే చెల్లుతుంది."

"అయితే రాసుకోండి. నేను ఆదివారాలు ఒంటరిగా ఉంటాను. శనివారం సాయంత్రం ఇక్కడినుంచి వెళ్లాక సోమవారం పొద్దున దాకా నా గొంతు నాకే వినబడదు. ఆ ఫారంలో అబద్ధం రాశాను. ఈ పిల్లలందరి ముందు ఒప్పుకోవడానికి సిగ్గేసింది." పిల్లలంటే డెబ్బై దాటిన ముప్పై మంది. "ఇప్పుడు సిగ్గు లేదు. మా కోసమైనా సరే, నిజం దాచలేదు మా మేనేజరమ్మ. అలాంటి అమ్మాయి ముందు మేం దాస్తామా?"

కత్తెరమ్మ సంచీ మళ్లీ కిందపెట్టి తెల్లకాగితం తీసింది. కుట్టు మామ్మ లేచింది. ఆమె వెనక ఇంకొకరు. కళ్లు తుడుచుకుంటూ కొందరు, ముఖం గంటుపెట్టుకుని కొందరు, వరస కట్టారు. సాయంత్రం ఐదు దాటింది, ఆరు దాటింది. అందరికన్నా చివర రేడియో తాతను నిలబెట్టారు. అది మాత్రం హాలంతా కలిసి ముందుజాగ్రత్తగా తీసుకున్న నిర్ణయం.

నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. ఈసారి మేనేజరమ్మ ముందుగా తనే చదువుకోబోయింది, ఎవరూ ఒప్పుకోలేదు. గ్రాంటు మంజూరైంది. కత్తెరమ్మ పేరు నిలబెట్టుకుంటూ టీపొడి ఖర్చులో కోత పెట్టింది. ఆదివారాలు కూడా కేంద్రం తెరవాలని షరతు పెట్టి, దానికి సరిపడా డబ్బు విడిగా కలిపింది. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. సోఫాలు ఇంకో ఏడాది ఆగాలి.

మొదటి ఆదివారం పదకొండు గంటలకి అతను వచ్చాడు. వాన లేదు. గడ్డం గీసుకోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రావడానికి అనుమతి కావాలేమో అన్నట్టు చూశాడు.

"అభినందనలండీ," అన్నాడు నేల చూస్తూ. "నిజంగా సంతోషం. మీరేం బాధపడకండి. ఆ పరిస్థితిలో ఎవరైనా అదే రాస్తారు. నేను ఆ మాట మళ్లీ ఎత్తను. ఒకసారి చూసి వెళదామని..."

మేనేజరమ్మకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఫైలు చూడనివ్వకుండా ఇతన్ని బయట కూర్చోబెట్టారు. రిపోర్టులు కొట్టేశారనీ, వీళ్లంతా మళ్లీ చెప్పారనీ ఇతనికి తెలియదు. తెలిసిందల్లా గ్రాంటు వచ్చిందని. గ్రాంటు వచ్చిందంటే తను 'లేదు' అని రాసినట్టే కదా, ఇతని లెక్కలో. ట్రస్టులో అందరికీ తెలుసు. ఈ హాల్లో అందరికీ తెలుసు. తెలియనివాడు ఒక్కడే, ఇలా నాలుగు రోజుల గడ్డంతో వచ్చి తనను ఓదారుస్తున్నాడు.

హాల్లో పేపర్లన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. వాటి వెనక ఎవరూ ఊపిరి తీసుకోవడం లేదు.

"ఏం రాశానో తెలుసా మీకు?" అంది.

"తెలుసండీ. అర్థం చేసుకోగలను."

"ఏమీ తెలియదు మీకు. పంతొమ్మిది మెయిళ్లు పెట్టారు, టీపొడి గురించి కూడా అడిగారు. అడగాల్సింది మాత్రం నన్ను అడగలేదు. జమాఖర్చుల విభాగానికి చెప్పారు. ఇప్పుడు నాకు చెప్పండి. కాగితం లేకుండా, నోటితో."

అతను తలెత్తాడు. "మీరంటే ఇష్టమండీ," అన్నాడు. "చాలా."

"నాకూ ఇష్టమే," అంది మేనేజరమ్మ. "గ్రాంటు పోతుందని తెలిసే 'ఉంది' అని రాసిచ్చాను."

అతను అక్కడే, గుమ్మంలోనే, ఉన్నపాటున చతికిలబడ్డాడు. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. వెనకనుంచి రేడియో తాత ఏదో అనబోతే, హెడ్‌మిస్ట్రెస్ గారు ఆయన నోరు చేత్తో మూసేశారు.